అమీర్‌పేట నీళ్లు, పంజాగుట్ట వాలు

పాత కారు హ్యాండ్ బ్రేకు బిగుసుకుపోతే ఎవరికైనా వెంటనే చేయాలనిపించే పని ఒకటుంది పిల్లలూ. కేబుల్ చివర ఉన్న నట్టును ఇంకో రెండు చుట్లు బిగించడం. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. "టైట్ చేసిస్తా సార్, అయిదు నిమిషాల పని" అంటూ మెకానిక్ కుర్రాడు పానా పట్టుకుని కారు కిందికి దూరబోతుంటే, "ఆగు నాయనా, ముందు ఎక్కడ పట్టేసిందో చూద్దాం" అనండి. బిగించిన నట్టు రోగాన్ని దాచిపెడుతుంది. కొన్నాళ్లకు ఆ రోగం చక్రంలోకి పాకుతుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

మా ఇంట్లో ఒక మారుతి 800 ఉంది. మనవడు దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి కారు తాళంచెవి అందినప్పటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఆ బండి ఈ దేశపు మధ్యతరగతిని మోసింది. మన హైదరాబాద్‌లో మాత్రం కొంచెం ముందే ఆగింది. 2010 ఏప్రిల్ నుంచి మన ఊరితో కలిపి 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ కారును వాటికి తగ్గట్టు మార్చలేదు కనుక ఇక్కడ కొత్తవి అమ్మలేదు. అంటే ఈ ఊళ్లో కొత్తగా కొన్న మారుతి 800 ఏదైనా సరే, ఇవాళ్టికి పదిహేనేళ్లు దాటినదే. చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ చెల్లేది పదిహేనేళ్లు. ఆ పైన బండి రోడ్డు మీద తిరగడానికి తగినట్టుందని చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లే ముందు చాలామంది హారను, లైట్లు, టైర్లు చూసుకుంటారు. హ్యాండ్ బ్రేకు సంగతి చివరికి గుర్తొస్తుంది. గుర్తొచ్చేసరికి అది రాయిలా ఉంటుంది.

దానికి మన పేట కూడా కారణమే. అమీర్‌పేట పల్లం. వాన గట్టిగా పడితే మైత్రీవనం దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయని ఇక్కడ చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. జావా కోర్సుకో మరో దానికో వచ్చి, ఫైళ్లు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో హాస్టల్‌కు నడిచినవాళ్లే కదా అందరూ. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో సెల్లార్లు రోడ్డుకన్నా కిందే ఉంటాయి. పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రంలో 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2020 అక్టోబరు 13న 19 సెంటీమీటర్లు. ఆ 2020 సంవత్సరం బళ్లకు మరీ చెడ్డది. మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. కార్లు నెలల తరబడి హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నవి ఉన్నట్టే నిలబడ్డాయి. అక్టోబరులో సెల్లార్లలోకి నీళ్లొచ్చాయి. ఇనుముకు తుప్పు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్లండి, నేల లేవడం మొదలవుతుంది. ఎర్రమంజిల్ ప్యాలెస్ గుట్ట మీద కట్టిందే. నాగార్జున సర్కిల్ దాటి బంజారాహిల్స్ ఎక్కుతుంటే కారు గేరు మార్చమని అడుగుతుంది. కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దాన్ని చదును చేయడం ఎవరి తరం కాక రోడ్లే దాని మీదికెక్కాయి. కనుక మన దగ్గర కారు రాత్రి తడి సెల్లార్లో పడుకుంటుంది, పగలు వాలు మీద నిలబడుతుంది. కేబుల్ పాడయ్యేది ఒకచోట, అది బయటపడేది ఇంకోచోట.

ఇప్పుడు ఆ కేబుల్ కథలోకి వద్దాం. పాత హెర్క్యులిస్, అట్లాస్ సైకిళ్లు చూశారా? హ్యాండిల్ నుంచి చక్రం దాకా ఉక్కు కడ్డీలు, మధ్యలో కీళ్లు. కడ్డీ ముచ్చటగా పనిచేస్తుంది కానీ వంగదు. వంగే దారిలో బలాన్ని పంపే ఉపాయానికి 1896లో ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఐర్లండ్ మనిషి బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. సన్నని ఉక్కు తీగలు పేనిన తాడు లోపల, దగ్గరదగ్గరగా చుట్టిన ఉక్కు స్ప్రింగు గొట్టం బయట. మన మెకానిక్‌లు వీటినే ఇన్నర్, అవుటర్ అంటారు. ఇన్నర్‌ను లాగితే బలం చక్రం దాకా వెళుతుందని అందరికీ తెలుసు. ఎక్కువమంది గమనించనిది అవుటర్ చేసే పని. ఇన్నర్ ఎంత బలంతో లాగబడుతుందో, అవుటర్ సరిగ్గా అంతే బలంతో రెండు వైపుల నుంచీ నొక్కబడుతుంది. అందుకే అవుటర్ చివర కూర్చునే బ్రాకెట్టు కదిలినా, గొట్టం ఎక్కడైనా నలిగినా, ఇన్నర్ కొత్తదైనా సరే బ్రేకు పడదు. చేతక్ స్కూటరు గేర్లు, ఆల్విన్ పుష్పక్ స్కూటరు క్లచ్చు, మీ సైకిల్ బ్రేకు, అన్నీ ఈ ఉపాయంతో నడిచినవే. సోమాజిగూడ ఆసుపత్రుల్లో కడుపులోకి పంపే ఎండోస్కోపు ఉంది చూడండి, డాక్టరు చక్రం తిప్పగానే దాని కొస వంగేది కూడా లోపలి సన్నని తీగల్ని లాగడం వల్లే.

కారులో లివరు పైకి లాగుతాం. టకటక మంటూ ఒక పన్ను మీంచి ఇంకో పన్ను మీదికి కొక్కెం ఎక్కి అక్కడ నిలబడుతుంది. లివరు కింది కొస కేబుల్‌ను లాగుతుంది. ఆ లాగుడు రెండు వెనక చక్రాలకూ సమానంగా పంచుకుంటుంది. చక్రం డ్రమ్ములో ఒక చిన్న మీట ఉంటుంది. కేబుల్ దాన్ని లాగితే అది రెండు బ్రేక్ షూలనూ బయటికి నెట్టి డ్రమ్ముకు ఒత్తుతుంది. కాలి బ్రేకులో ఈ నెట్టే పని ద్రవం చేస్తుంది, ఇక్కడ ఉక్కు తాడు చేస్తుంది. ద్రవం కారిపోయిన రోజున కూడా హ్యాండ్ బ్రేకు పనిచేసేలా రెండు దారులూ వేరుగా పెట్టారు. దీన్ని ఆషామాషీగా తీసుకోవద్దని నేను పోరేది అందుకే.

లెక్క ఒకటి చేద్దాం. లివరును 20 కిలోల బలంతో లాగారనుకోండి. లివరు దాన్ని ఆరు రెట్లు చేసిందనుకుందాం. 120 కిలోలు. రెండు చక్రాలకూ చెరి 60. ఆ 60 కిలోలూ చక్రం దాకా చేరతాయా? చేరవు. కేబుల్ దారిలో వంపులున్నాయి. వంపు దగ్గర ఇన్నర్ అవుటర్ గోడకు ఒరుసుకుంటుంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా గోడను నొక్కుతుంది, అంత ఎక్కువ రాపిడి. ఈ రాపిడి మామూలు పద్ధతిలో పెరగదు. వంపు తరవాత వంపు చొప్పున హెచ్చవేతలో పెరుగుతుంది.

పల్లెటూళ్లో పుట్టినవాళ్లకు ఇది కళ్లతో చూసిన విషయమే. పొగరెక్కిన ఎద్దును చేత్తో లాగి ఎవరూ ఆపలేరు. పలుపును రాటకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే పదేళ్ల పిల్లాడైనా ఆపుతాడు. తాడుకూ చెక్కకూ మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుంటే, రెండు పూర్తి చుట్లకు పిల్లాడి చేతిలోని ఒక్క కిలో బలం 43 కిలోల లాగుడుకు సరిపోతుంది. ఈ లెక్కను 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ కట్టాడు, 1808లో ఐటెల్వైన్ అనే జర్మన్ ఇంజనీరు తన పుస్తకంలో పెట్టాడు. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. రాట లావా సన్నమా అన్నది ఈ లెక్కలో లేదు. తాడు మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క.

రాట దగ్గర మనకు సాయపడిన ఆ రాపిడే కేబుల్లో మనల్ని దెబ్బతీస్తుంది. లివరు నుంచి చక్రం దాకా కేబుల్ ఇటు 90 డిగ్రీలు, అటు 90 డిగ్రీలు వంగిందనుకోండి. ఎదురెదురు వంపులు ఒకదాన్నొకటి కొట్టేయవు, కలిసి 180 అవుతాయి. కేబుల్ కొత్తది, నూనె ఉంది, గుణకం 0.1. మీరు పంపిన 60 కిలోల్లో దాదాపు 44 చక్రం చేరతాయి. పరవాలేదు. నూనె ఎండిపోయి మట్టి చేరింది, గుణకం 0.3. చేరేవి 23. తుప్పు పట్టింది, 0.5 అయింది. చేరేవి 12 చిల్లర. చూశారా, గుణకం అయిదింతలైతే చక్రానికి చేరే బలం నాలుగో వంతు దగ్గరికి పడిపోయింది. మీ చేతికి మాత్రం లివరు రాయిలా తగులుతుంది. బలంగా లాగాం కాబట్టి బ్రేకు బలంగా పడిందనుకుంటాం. చేతికి తెలిసిన ఆ బరువంతా దారిలో ఒంపుల దగ్గర ఖర్చయిపోయింది.

ఇక్కడే నట్టు బిగించడం ఎందుకు తప్పో తెలుస్తుంది. నట్టు బిగిస్తే తాడు పొడవు తగ్గుతుంది, అంతే. గుణకం తగ్గదు, వంపులు తగ్గవు.

ఇంకా పెద్ద ప్రమాదం లివరు దించేటప్పుడు. లాగడానికి మీ చెయ్యి ఉంది, లివరు ఇచ్చే ఆరు రెట్ల బలం ఉంది. కేబుల్ వెనక్కి రావడానికి ఏముంది? డ్రమ్ములో ఉన్న చిన్న స్ప్రింగులు. వాటి బలం కొద్ది కిలోలు. కేబుల్లో రెండు రకాల అడ్డు ఉంటుంది. ఒకటి ఇందాక చెప్పిన వంపు రాపిడి, లాగుడు పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రెండోది లాగినా లాగకపోయినా ఉండే అడ్డు. తుప్పు ఉబ్బి ఇన్నర్‌ను ఇరికించడం, ఎండిన గ్రీజు జిగురు, నలిగిన అవుటర్ నొక్కుడు ఈ రెండో రకం. మీ చెయ్యి దీన్ని సులువుగా దాటేస్తుంది, గమనించను కూడా గమనించదు. స్ప్రింగు దాటలేదు. కనుక కేబుల్ పట్టేసే జబ్బు మొదట బయటపడేది బ్రేకు వదలకపోవడంలో. లివరు కిందికి దిగింది, ఎర్ర లైటు ఆరింది, కారు కూడా కదిలింది. షూలు మాత్రం డ్రమ్మును ఇంకా తాకుతూనే ఉన్నాయి.

మనవడు ఒకరోజు అన్నాడు, "తాతయ్యా, హ్యాండ్ బ్రేకు తీసేశాను, ఐనా బండి బరువుగా లాగుతోంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది" అని. ఇలా అనిపిస్తే ఒక పరీక్ష ఉంది. కొద్ది కిలోమీటర్లు మామూలుగా నడిపి, ఆపాక వెనక చక్రాల దగ్గర అరచెయ్యి కొంచెం దూరంగా పెట్టి చూడండి. ముట్టుకోకండి, కాలుతుంది. రెండు చక్రాల్లో ఒకదాని వేడి స్పష్టంగా ఎక్కువుంటే, కాలిన వాసన వస్తుంటే, ఆ వైపు కేబుల్‌ను గానీ ఆ డ్రమ్మును గానీ అనుమానించాలి. ఈ స్థితిలో ఉన్న కారుకు నట్టు ఇంకా బిగించారనుకోండి, అప్పటికే తాకుతున్న షూలు ఇంకా దగ్గరవుతాయి. లైనర్ అరుగుతుంది, డ్రమ్ము కాలుతుంది. షూలు అరిగేకొద్దీ వాటంతటవే సర్దుకునే ఏర్పాటున్న డ్రమ్ముల్లో ఇంకో చిక్కు. లోపలి మీట పూర్తిగా వెనక్కి వచ్చి ఆనాల్సిన చోట ఆనితేనే ఆ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తుంది. బిగించిన కేబుల్ దాన్ని ఆననివ్వదు.

సరే, చేయి పెడదాం. చదునైన నేల మీదే చేయాలి సుమా, సెల్లార్ ర్యాంపు మీద కాదు. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టండి, గేరులో ఉంచండి. హ్యాండ్ బ్రేకు విప్పుతున్న బండికి హ్యాండ్ బ్రేకు ఆధారం లేదని గుర్తుంచుకోండి. జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టాకే దూరాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి వెళ్లే పని మా ఇంట్లో ఎవర్నీ చేయనివ్వను.

వెతకడంలో రహస్యమల్లా దారిని ముక్కలు చేయడమే. లివరు దగ్గర కేబుల్‌ను విడదీయండి. ఇప్పుడు లివరును ఒట్టిగా లాగి చూడండి. అదే బిగువుగా ఉంటే తప్పు పళ్లలోనో కీలులోనో ఉంది, కేబుల్ నిర్దోషి. లివరు తేలిగ్గా ఉంటే డ్రమ్ము విప్పి, మీట నుంచి కేబుల్ రెండో కొస కూడా తప్పించండి. ఇన్నర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. బాగున్న కేబుల్ మెత్తగా జరుగుతుంది, ఎక్కడా ఆగదు. గరగరమంటే మట్టి. ఒకచోట ఆగి, గట్టిగా లాగితే తెగినట్టు కదిలితే తుప్పు. మొత్తం జారుడంతా సమానంగా బరువుంటే ఎండిన గ్రీజు. వేళ్లకు ఈ తేడా తెలుస్తుంది, యంత్రం అక్కర్లేదు. కేబుల్ హాయిగా జరుగుతుంటే డ్రమ్ములోని మీట కీలును కదిపి చూడండి. వాన నీళ్లలో మునిగిన బళ్లలో చాలాసార్లు అక్కడే పట్టేస్తుంది. అప్పుడు కేబుల్ మార్చినా ప్రయోజనం ఉండదు.

డ్రమ్ము విప్పినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటుంది. నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పడేయండి.

ఇన్నర్‌ను పట్టుకుని వీలైనంత బయటికి లాగి వెలుతురులో చూడండి. ఎప్పుడూ గొట్టంలో జారే భాగం నిగనిగలాడుతూ ఉంటుంది. ఒకచోట ఉన్నట్టుండి ఆ నిగారింపు ఆగి ఇటుకపొడి రంగు మొదలవుతుంది. నీళ్లు చేరిన చోటు అదే. సాధారణంగా చక్రం వైపు కొసలో, నీళ్లు పోకుండా తొడిగే రబ్బరు బూటు చిరిగిన దగ్గర ఉంటుంది. లేదా అవుటర్ మీది ప్లాస్టిక్ తొడుగు బాడీకి ఒరుసుకుని చిట్లిన దగ్గర. లోపలికెళ్లిన నీరు సన్నని సందుల్లో పాకి నిలిచిపోతుంది. బయట ఎండ కాస్తున్నా ఆ గొట్టంలో రోజుల తరబడి ఆరదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఆ తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. తీగకూ గొట్టానికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి సందు. అది నిండిపోవడానికి ఎంతసేపు? తయారుచేసేటప్పుడు తీగలకు జింకు పూత వేస్తారు, ఇనుముకు బదులు జింకు తాను ముందు కరిగి కాపాడుతుంది. రుద్దుడుకు ఆ పూత ఎక్కడ పోతే అక్కడి నుంచి కథ మొదలు.

పేనిన తీగల్లో ఒక్కటైనా తెగి ముల్లులా లేచి ఉంటే నూనె సంగతి మర్చిపోండి, కేబుల్ మార్చాల్సిందే. దీనిలో బేరం లేదు. అవుటర్ నలిగినా అంతే. తీగలన్నీ బాగుండి, ఒట్టి బిగువు మాత్రమే ఉంటే కేబుల్‌ను బతికించవచ్చు.

ఎలాగంటే, స్కూటర్ల రోజుల్లో క్లచ్ వైరుకు చేసినట్టే. కేబుల్‌ను పూర్తిగా బయటికి తీసి బాల్కనీ గ్రిల్లుకు నిలువుగా వేలాడదీయాలి. పై కొసకు పాలిథిన్ కవరు మూలను చిన్న గరాటులా చేసి, దారంతో గట్టిగా కట్టాలి. అందులో ముందు పల్చటి చొరబడే నూనె పోయాలి. డబ్బాల్లో స్ప్రేగా దొరికే డబ్ల్యూడీ-40 అలాంటిదే. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా చేయడానికి పుట్టిన మిశ్రమం అది. నీటిని పక్కకు తోసి, తుప్పు సందుల్లోకి దూరుతుంది. దాని పని అంతవరకే. పల్చటిది, కొన్నాళ్లకు ఎగిరిపోతుంది. దాన్నే కందెన అనుకుని వదిలేస్తే కేబుల్ మళ్లీ పొడిబారుతుంది. నూనె పోశాక ఇన్నర్‌ను పైకీ కిందికీ ఆడించండి. కాసేపటికి కింది కొస నుంచి కాఫీ డికాక్షన్ రంగులో చుక్కలు పడతాయి. కింద పాత డబ్బా పెట్టండి, నేల పాడవుతుంది. ఆడిస్తూ, పోస్తూ ఉంటే ఆ రంగు తేలిపోతుంది. చివరికి నూనె వచ్చినదొచ్చినట్టు తేటగా దిగుతుంది. అప్పుడు చిక్కటి నూనె, మామూలు ఇంజనాయిల్ చాలు, పోసి రాత్రంతా అలాగే వదిలేయాలి. భూమి ఆకర్షణా, సన్నని సందులు ద్రవాన్ని పీల్చుకునే గుణమూ రెండూ కలిసి ఆ పని చేస్తాయి, మనం నిద్రపోవచ్చు. తెల్లారాక కొసలు తుడిచి, చిరిగిన రబ్బరు బూటు మార్చి, ఆ మూతి దగ్గర మాత్రం గ్రీజు పూయండి, మళ్లీ నీళ్లు పోకుండా. షూ లైనర్‌కూ డ్రమ్ము లోపలి గోడకూ నూనె చుక్క కూడా తగలకూడదు.

కొన్ని కేబుళ్లకు లోపల జారుడు ప్లాస్టిక్ పొర ఉంటుంది. వాటిలో గట్టి గ్రీజు కూరితే మట్టిని పట్టుకుని ముద్ద కడుతుంది. అవి పట్టేశాయంటే ఆ పొర అరిగిపోయిందని అర్థం, మార్చడమే మేలు. ఈ తరహా పాత కార్ల కేబుళ్లు రాణిగంజ్ దుకాణాల్లో అడిగితే దొరుకుతాయి. పాతది చేతిలో పట్టుకెళ్లి పక్కన పెట్టి కొలిచి తీసుకోండి. పొడవు అంగుళం తేడా ఉన్నా సరిపోదు.

తిరిగి బిగించేటప్పుడు పాత దారినే వేయండి, పాత క్లిప్పులన్నీ పెట్టండి. క్లిప్పు దొరకలేదని వైరుతో ఎక్కడో కట్టేస్తే కొత్త వంపు పుడుతుంది. వంపు పుడితే ఆయిలర్ లెక్క మళ్లీ మొదలు. సైలెన్సర్ పైపుకు దూరంగా పోనివ్వండి, వేడికి నూనె మాడుతుంది. తరవాత సర్దుబాటు. ముందు డ్రమ్ములో షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేయాలి, ఆ తరవాతే కేబుల్ నట్టు. లివరు పూర్తిగా కింద ఉన్నప్పుడు చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. ఎన్ని టక్కులకు బ్రేకు పడాలన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. మొదటి టక్కుకే చక్రం బిగుసుకుంటే అది గొప్ప కాదు, ఎక్కువ బిగించారని అర్థం.

ఇక పంజాగుట్ట పరీక్ష. మారుతి 800 ఒట్టి బరువు ఆరున్నర వందల కిలోలు, నలుగురెక్కితే తొమ్మిది వందల దాకా ఉంటుందనుకుందాం. వందకు అయిదు చొప్పున లేచే రోడ్డు మీద అది 45 కిలోల బలంతో కిందికి జారాలని చూస్తుంది. ఎనిమిదడుగులకు ఒక అడుగు లేచే సెల్లార్ ర్యాంపు మీద 110 కిలోలకు పైనే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉన్న కొలత ఇంకా కఠినమైనది. నిండు బరువుతో ఉన్న కారును, వందకు ఇరవై లేచే వాలు మీద, ఎగువ ముఖంగానూ దిగువ ముఖంగానూ పార్కింగ్ బ్రేకు నిలబెట్టాలి. అప్పుడు చేత్తో వాడే బలం 40 కిలోలు మించకూడదు. మన కారుకైతే ఆ వాలు మీద 176 కిలోల లాగుడు. కేబుల్ దారిలో సగానికి సగం తినేస్తుంటే ఆ కొలత చేరడం కల్ల.

మీరు అంత వాలు వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే, వెనకా ముందూ ఎవరూ లేని ర్యాంపు చూసుకోండి. పక్కన ఒక మనిషిని చెక్క దిమ్మెతో నిలబెట్టండి. కాలి బ్రేకు తొక్కిపట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరు న్యూట్రల్ చేసి, పాదం మెల్లగా, కాలి బ్రేకు మీంచి పూర్తిగా తీసేయకుండా, సడలించండి. బండి ఇంచు జరిగినా మళ్లీ తొక్కేయాలి. నిలబడితే ముఖం తిప్పి రెండో వైపు కూడా చూడండి. వాలు ఎటున్నదన్నదాన్ని బట్టి డ్రమ్ములో రెండు షూలూ పనులు మార్చుకుంటాయి. ఒకవైపు ఆగిన బండి రెండో వైపు ఆగుతుందని చూడకుండా అనుకోకూడదు.

వానాకాలంలో నీళ్లలోంచి వచ్చిన రోజున ఇంటికి చేరే ముందు కాలి బ్రేకును నాలుగైదుసార్లు సున్నితంగా తొక్కుతూ నడపండి, డ్రమ్ములు ఆరతాయి. ఊరెళుతూ బండిని వారాల తరబడి వదిలేస్తుంటే చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించేసి వెళ్లండి. తడి డ్రమ్ముకు ఆనిన షూ తుప్పుతో అతుక్కుపోతుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాత్రం, వాలు లేకపోయినా సరే, రోజూ లాగుతూ దించుతూ ఉండండి. జారుతున్న తీగ తన నూనెను తానే పొడవునా పూసుకుంటుంది.